ఉద్వేగాత్మక ప్రజ్ఞ: మాపనం – వినియోగం

పాఠ్యభాగ పరిచయం

మనిషి తెలివిని అంకెలలో చెప్పే ప్రయత్నం ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో మొదలైంది. ఆ శతాబ్ది ముగిసేనాటికి, ఉద్వేగాలను గుర్తించి నిర్వహించుకొనే నేర్పును సైతం కొలవాలనే ప్రయత్నం బలపడింది. నేడు అనేక సంస్థలు ఉద్యోగుల ఎంపికలోను, శిక్షణలోను ఈ కొలతలను ఉపయోగిస్తున్నాయి. ఉద్వేగాత్మక ప్రజ్ఞ అంటే ఏమిటి, దానిని ఎట్లా కొలుస్తారు, ఆ కొలతను ఎంతవరకు విశ్వసించవచ్చు, ఉద్యోగ జీవితంలో దాని ప్రయోజనం ఎంత అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రజ్ఞామాపనం – పూర్వరంగం

1905లో ఫ్రాన్స్ దేశానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తొలి ప్రజ్ఞా నికషను రూపొందించారు. పాఠశాలలో చదువు అందుకోలేకపోతున్న పిల్లలను గుర్తించి, వారికి ప్రత్యేకమైన బోధన అందించడమే దాని ఉద్దేశం. ప్రజ్ఞ పుట్టుకతో స్థిరపడిపోయేది కాదని, తగిన శిక్షణతో అది వృద్ధి పొందుతుందని బినే దృఢంగా విశ్వసించాడు. అయితే నికష ఇతర దేశాలకు వ్యాపించి, 1911లో ఆయన మరణించిన తరువాత వేరు దారి పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం తన ప్రజ్ఞా పరీక్షలను సుమారు 17 లక్షల మందికి నిర్వహించింది. వెనుకబడిన పిల్లవానికి చేయూత కోసం పుట్టిన సాధనం మనుషులను శ్రేణులుగా విభజించే సాధనంగా మారింది. ఈ చరిత్రను గుర్తుంచుకోవడం మన ప్రస్తుత విషయానికి చాలా అవసరం.

ప్రజ్ఞాలబ్ధి ఒక్కటే మనిషి సామర్థ్యాన్ని తెలుపగలదా అనే సందేహం చాలాకాలం క్రితమే కలిగింది. 1920లో అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 'సాంఘిక ప్రజ్ఞ' అనే భావనను ప్రతిపాదించాడు. యంత్రాల పనిలో ఆరితేరిన కార్మికుడు నలుగురిచేత పని చేయించవలసిన స్థానంలో విఫలుడు కావచ్చునని ఆయన గుర్తించాడు. 1983లో హోవర్డ్ గార్డ్‌నర్ తన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతంలో తన్ను తాను అర్థం చేసుకొనే ప్రజ్ఞకు, ఇతరులను అర్థం చేసుకొనే ప్రజ్ఞకు ప్రత్యేక స్థానం కల్పించాడు.

ఈ ఆలోచన మన సంప్రదాయానికీ కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం ఎనిమిది స్థాయిభావాలను, ముప్పైమూడు సంచారి భావాలను, ఎనిమిది సాత్త్విక భావాలను పేర్కొని, అవి మాటలోను, ముఖంలోను, శరీరంలోను ఎట్లా వ్యక్తమవుతాయో విశదీకరించింది. భగవద్గీత రెండవ అధ్యాయం సుఖదుఃఖాలకు చలించని వానిని స్థితప్రజ్ఞుడని వర్ణించింది. తెలుగునాట పిల్లలు అక్షరాభ్యాసమైన కొద్దికాలానికే నేర్చుకొనే సుమతీ శతకంలో కోపం వలన కలిగే కీడును, శాంతం వలన కలిగే మేలును తెలిపే పద్యం ఉంది. అయితే పూర్వులు దీనిని సాధనగా, సంస్కారంగా భావించారు. ఆధునికులు దీనిని కొలవదగిన సామర్థ్యంగా భావించారు. ఈ రెండవ దృష్టి వలన లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది.

ఉద్వేగాత్మక ప్రజ్ఞ – నిర్వచనం

1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 'ఉద్వేగాత్మక ప్రజ్ఞ' అనే పేరుతో ఒక పరిశోధనా వ్యాసాన్ని ప్రచురించి, ఈ భావనకు శాస్త్రీయమైన పునాది వేశారు. 1997లో దానిని మెరుగుపరచి, ఈ ప్రజ్ఞ నాలుగు శాఖలుగా ఉంటుందని చెప్పారు. అవి: ఉద్వేగాలను గుర్తించడం, ఆలోచనకు తోడుగా ఉద్వేగాలను ఉపయోగించుకోవడం, ఉద్వేగాల కారణాలను, పరిణామాలను అర్థం చేసుకోవడం, ఉద్వేగాలను నిర్వహించడం.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ప్రభుత్వాసుపత్రిలో రాత్రివేళ విధులలో ఉన్న ఒక నర్సు మీద, జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొన్న తల్లి గట్టిగా కేకలు వేసిందనుకొందాం. “గంట నుంచి కూర్చున్నాం, మా బిడ్డను చూసేవాళ్లే లేరా సిస్టర్?” అని ఆమె నిలదీసింది. ఆ మాటలో వినిపించేది కోపమే. అయినా దాని అడుగున ఉన్నది భయమని నర్సు ఆ తల్లి వణుకుతున్న చేతులను చూసి గ్రహించగలిగితే, అది గుర్తించడం. ఆ కేకలు తనలో కలిగించిన జాగరూకతను బిడ్డ పరిస్థితిని మరొకసారి పరిశీలించడానికి వినియోగిస్తే, అది ఉపయోగించుకోవడం. సమాధానం చెప్పకుండా తిరస్కరిస్తే ఆ భయం ఆగ్రహంగా మారి వరండాలో ఉన్నవారందరికీ పాకుతుందని ఊహించగలిగితే, అది అర్థం చేసుకోవడం. తనకు కలిగిన చిరాకును అణచుకొని, “అమ్మా, లోపల ఇంకో బిడ్డకు ఊపిరి అందడం లేదు, డాక్టరుగారు అక్కడ ఉన్నారు. అంతవరకు బాబు జ్వరం నేను చూస్తాను, ఇటు పడుకోబెట్టండి” అని చెప్పగలిగితే, అది నిర్వహించడం. ఈ నాలుగూ కలిసినప్పుడే ఆ సందర్భం చక్కబడుతుంది. మంచితనం వేరు, ఉద్వేగాత్మక ప్రజ్ఞ వేరు. మంచి మనసున్నవారు కూడా ఎదుటివారి భయాన్ని పోల్చుకోలేకపోవచ్చు. ఎదుటివారి బలహీనతను చక్కగా పసిగట్టినవారు దానిని మోసానికి వాడుకోనూ వచ్చు.

ఈ భావనను సామాన్య పాఠకుల వద్దకు చేర్చినవాడు డేనియల్ గోల్‌మన్. ఆయన 1995లో ప్రచురించిన గ్రంథం ప్రపంచమంతటా ప్రచారం పొందింది. జీవితంలో విజయానికి ప్రజ్ఞాలబ్ధి నూటికి ఇరవై పాళ్లు మాత్రమే తోడ్పడుతుందని, తక్కిన ఎనభై పాళ్లు ఇతర కారణాలవని ఆయన అందులో రాశాడు. ఆ ఎనభై పాళ్లూ ఉద్వేగాత్మక ప్రజ్ఞవేనని చాలామంది పొరబడ్డారు. తాను అట్లా అనలేదని గోల్‌మన్ 2005లో వెలువడిన పదవ వార్షిక ముద్రణలో స్పష్టం చేశాడు. ఆ 'ఇతర కారణాల'లో పుట్టిన కుటుంబం, లభించిన చదువు, కలిసివచ్చిన అవకాశాలు వంటివన్నీ ఉన్నాయి. అయినప్పటికీ ఆ తప్పుడు లెక్క వ్యక్తిత్వ వికాస ప్రసంగాలలో నేటికీ వినిపిస్తూనే ఉంది.

కొలిచే మార్గాలు

ఉద్వేగాత్మక ప్రజ్ఞను కొలవడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది స్వయం నివేదన. 'కోపం వచ్చినప్పుడు నన్ను నేను అదుపు చేసుకోగలను' వంటి వాక్యాలను ఇచ్చి, అవి తనకు ఎంతవరకు వర్తిస్తాయో అభ్యర్థినే గుర్తించమంటారు. రూవెన్ బార్-ఆన్ 1997లో ప్రచురించిన శోధికలో ఇటువంటి వాక్యాలు 133 ఉన్నాయి. మన దేశంలో ఎస్.కె. మంగళ్, శుభ్రా మంగళ్ రూపొందించిన శోధికలో అవును, కాదు అని సమాధానం ఇవ్వవలసిన 100 అంశాలున్నాయి. ఇందులో తన ఉద్వేగాలను, ఇతరుల ఉద్వేగాలను ఎరగడం, వాటిని నిర్వహించడం అనే నాలుగు విభాగాలను పరిశీలిస్తారు. ఈ పద్ధతి సులభమైనది, ఖర్చు తక్కువైనది. కాని ఇది కొలిచేది వ్యక్తికి తనపై గల అభిప్రాయాన్నే. అతి కోపిష్టి తాను శాంతస్వభావుడనని మనఃపూర్వకంగా నమ్మవచ్చు. పైగా ఉద్యోగం ఆశించే అభ్యర్థికి ఏ సమాధానం మేలు చేస్తుందో తెలుసుకోవడం కష్టం కాదు. స్వయం నివేదనలో కావాలని మంచి సమాధానాలు ఇచ్చి గణనను పెంచుకోవడం సాధ్యమేనని 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం నిరూపించింది.

రెండవది సామర్థ్య నికష. మేయర్, సాలొవే, డేవిడ్ కరూసో కలిసి 2002లో ప్రచురించిన నికషలో 141 అంశాలున్నాయి. ముఖచిత్రాలను చూపి వాటిలో ఏ ఉద్వేగం ఎంత మేరకు ఉందో చెప్పమంటారు. ఒక ఉద్వేగం తీవ్రమైతే ఏ ఉద్వేగంగా మారుతుందో అడుగుతారు. ఒక సందర్భాన్ని వివరించి అందులో ఏ చర్య ఎంత ఫలప్రదమో నిర్ణయించమంటారు. ఇక్కడ తన గురించి గొప్ప చెప్పుకొని గణన పెంచుకోవడానికి వీలు లేదు. అయితే మరొక చిక్కు ఉంది. గణితంలో సరైన సమాధానం ఒక్కటే. ఉద్వేగాల విషయంలో సరైన సమాధానాన్ని నిర్ణయించేదెవరు? ఈ నికషలో అధిక సంఖ్యాకులు ఇచ్చిన సమాధానాన్ని గాని, 21 మంది నిపుణులు ఎంచిన సమాధానాన్ని గాని ప్రమాణంగా స్వీకరించారు. అధిక సంఖ్యాకుల అభిప్రాయం ఎప్పుడూ ఒప్పేనా అన్నది విమర్శకుల ప్రశ్న. ఒక దేశంలో మర్యాదగా తోచిన చర్య వేరొక దేశంలో అవమానంగా తోచవచ్చు. పెద్దల ఎదుట తలవంచుకొని మౌనంగా ఉండటం మన ఊళ్లలో వినయం. దానిని ఎరగనివారికి అది పిరికితనంగానో, నిర్లక్ష్యంగానో కనిపించవచ్చు. అంతేగాక, చేయదగినదేదో తెలిసినవారందరూ కోపం వచ్చిన వేళ దానిని ఆచరిస్తారనుకోవడానికి వీలు లేదు.

మూడవది ఇతరుల మూల్యాంకనం. పై అధికారి, సహోద్యోగులు, కింది ఉద్యోగులు కలిసి ఒక వ్యక్తి ప్రవర్తనకు మార్కులు వేస్తారు. రోజూ కలిసి పనిచేసేవారి అనుభవం దీనికి ఆధారం కనుక ఇందులో కొంత వాస్తవికత ఉంది. కాని భయం, స్నేహం, పాత పగలు ఈ అంచనాలను వంకర చేయవచ్చు.

కొలతను పరీక్షించడం

ఏ మాపనికైనా రెండు గుణాలు ఉండాలి. ఒకటి విశ్వసనీయత, రెండవది సప్రమాణత. ఒక తక్కెడలో ఒకే వస్తువును పదిసార్లు తూచినా ఒకే బరువు చూపితే అది విశ్వసనీయమైనది. కాని దాని ముల్లు మొదటి నుంచే వంద గ్రాములు పక్కకు ఉంటే, పదిసార్లూ ఒకే తప్పును చూపుతుంది. తాను కొలుస్తానన్నదానినే సరిగా కొలవడం సప్రమాణత. ఉద్వేగాత్మక ప్రజ్ఞ నికషలపై వివాదమంతా ప్రధానంగా ఈ రెండవ గుణం గురించే.

2003లో మార్క్ బ్రాకెట్, జాన్ మేయర్ కళాశాల విద్యార్థులపై జరిపిన అధ్యయనంలో, సామర్థ్య నికషలో వచ్చిన గణనలకు, బార్-ఆన్ శోధికలో వచ్చిన గణనలకు మధ్య సహసంబంధం 0.21 మాత్రమేనని తేలింది. రెండూ ఒకే విషయాన్ని కొలుస్తూ ఉంటే ఈ అంకె 1కి చేరువలో ఉండవలసింది. 0.21 అంటే ఆ రెండు కొలతలలోని వ్యత్యాసాలకు ఉమ్మడి భాగం నూటికి నాలుగు పాళ్లే. ఒకే పేరు పెట్టుకొన్న రెండు సాధనాలు రెండు వేర్వేరు వస్తువులను తూస్తున్నాయన్నమాట. కనుక 'మా అభ్యర్థుల ఉద్వేగాత్మక ప్రజ్ఞను కొలిచాం' అని ఏ సంస్థ అయినా ప్రకటించినప్పుడు, ఏ సాధనంతో కొలిచారని అడగడం న్యాయం.

ఉద్యోగరంగంలో ప్రయోజనం

అన్ని ఉద్యోగాలకూ ఈ ప్రజ్ఞ ఒకే విధంగా అవసరమా? 1983లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 'ఉద్వేగ శ్రమ' అనే భావనను వివరించింది. విమాన పరిచారికలు చిరునవ్వును, బాకీలు వసూలు చేసేవారు కాఠిన్యాన్ని ప్రదర్శించడం వారి జీతంలో భాగమేనని ఆమె చూపింది. నర్సులు, ఉపాధ్యాయులు, బస్సు కండక్టర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఫోనులో వినియోగదారుల ఫిర్యాదులు వినేవారు చేసేది ఇటువంటి శ్రమే.

2010లో డానా జోసెఫ్, డానియల్ న్యూమన్ అనే పరిశోధకులు అప్పటివరకు జరిగిన అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. ఉద్వేగ శ్రమ అధికంగా ఉన్న ఉద్యోగాలలో ఉద్వేగాత్మక ప్రజ్ఞ గలవారు మెరుగుగా పనిచేస్తున్నారని, అటువంటి శ్రమ తక్కువగా ఉన్న ఉద్యోగాలలో ఆ సంబంధం బలహీనంగానో, కొన్నిచోట్ల కొద్దిగా ప్రతికూలంగానో ఉందని వారు కనుగొన్నారు. రోగుల మధ్య తిరిగే నర్సుకు ఎంతో అవసరమైన ఈ నేర్పు, ఒంటరిగా లెక్కలు సరిచూసే ఉద్యోగికి అంత అవసరం కాకపోవచ్చు. వారే ఇతరులతో కలిసి 2015లో ప్రచురించిన మరొక విశ్లేషణలో స్వయం నివేదన శోధికలను పరిశీలించారు. మూర్తిమత్వ లక్షణాలు, సాధారణ మానసిక సామర్థ్యం, ఆత్మవిశ్వాసం వంటి తెలిసిన అంశాల ప్రభావాన్ని తీసివేసిన తరువాత, ఆ శోధికలకు పనితీరును ఊహించే శక్తి దాదాపు ఏమీ మిగలలేదు. అంటే అవి పాత విషయాలనే కొత్త పేరుతో కొలుస్తున్నాయని అర్థం.

మన దేశంలో పాలనారంగం కూడా ఈ భావనకు చోటు కల్పించింది. 2013లో కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షలో 250 మార్కులకు నీతిశాస్త్ర సంబంధమైన పత్రాన్ని ప్రవేశపెట్టినప్పుడు, ఉద్వేగాత్మక ప్రజ్ఞ భావనలను, పరిపాలనలో వాటి వినియోగాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చింది. వరద బాధితుల ముందు నిలబడవలసిన అధికారికి చట్టం తెలిసి ఉంటే చాలదనే గుర్తింపు ఇందులో ఉంది. అయితే ఈ ప్రజ్ఞ గురించి బాగా రాయగలగడం, బాధితుల ఎదుట దానిని చూపగలగడం ఒకటి కావు. ఆ దూరాన్ని తగ్గించేది శిక్షణ, అనుభవం మాత్రమే.

దుర్వినియోగం – జాగ్రత్తలు

ఈ భావనను తప్పుగా వాడితే కలిగే నష్టాలు ముఖ్యంగా మూడు.

మొదటిది, సంస్థ లోపాలను ఉద్యోగి స్వభావంపైకి నెట్టివేయడం. మన ఉదాహరణలోని నర్సుకు ఒక్కతెకే అరవై మంచాలు అప్పగించి, ఆమె సహనం కోల్పోయినప్పుడు ఉద్వేగ నిర్వహణ తరగతులకు పంపడం సమస్యకు పరిష్కారం కాదు. అక్కడ కావలసినది మరో ఇద్దరు నర్సులు. లోపల లేని చిరునవ్వును రోజంతా ముఖాన పులుముకోవడం మనిషిని తీవ్రమైన అలసటకు గురిచేస్తుందని అనేక అధ్యయనాలు తెలుపుతున్నాయి. అన్యాయం జరిగినప్పుడు వచ్చే కోపం కూడా అపరిపక్వత కాదు. ఎదిరించవలసిన చోట ఎదిరించడం ఉద్వేగాత్మక ప్రజ్ఞలో భాగమే.

రెండవది, ఒక్క గణనతో అభ్యర్థి భవిష్యత్తును నిర్ణయించడం. తక్కువ మాట్లాడేవారు, పల్లె నుంచి వచ్చి ఆంగ్లంలోని ప్రశ్నావళిని తొలిసారి చూసేవారు, తమను తాము పొగడుకోవడం తప్పని నేర్చుకొన్నవారు ఇటువంటి చోట్ల నష్టపోయే అవకాశం ఉంది. వారిలో నిజమైన సహానుభూతి ఉన్నా ప్రశ్నపత్రం దానిని చూడలేకపోవచ్చు.

మూడవది, యంత్రాలపై అతి విశ్వాసం. కెమెరా ముందు కూర్చున్న వ్యక్తి ముఖకవళికలను బట్టి అతని ఉద్వేగాలను కంప్యూటరు చెప్పగలదనే ప్రచారం ఇటీవలి కాలంలో పెరిగింది. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరి నలుగురు శాస్త్రవేత్తలు ఇందుకు సంబంధించిన పరిశోధనలను సమీక్షించి, ముఖ కదలికలను మాత్రమే చూసి ఉద్వేగాన్ని నమ్మకంగా నిర్ణయించలేమని తేల్చారు. కోపం వచ్చిన ప్రతిసారీ మనిషి కనుబొమలు ముడుస్తాడనుకోవడానికి వీలు లేదు. కనుబొమలు ముడిచిన ప్రతివాడూ కోపంలో ఉండడు. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం, వైద్య, భద్రతా కారణాలకు తప్ప, పని ప్రదేశాలలోను, విద్యాసంస్థలలోను యంత్రాల ద్వారా ఉద్వేగాలను ఊహించడాన్ని నిషేధించింది. ఈ నిషేధం 2025 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది.

ముగింపు

ఉద్వేగాత్మక ప్రజ్ఞను కొలిచే సాధనాలు పనికిరానివి కావు. వాటిని అద్దంలా వాడాలా, జల్లెడలా వాడాలా అన్నదే ప్రశ్న. అద్దం మన ముఖాన ఉన్న మరకను మనకే చూపి, తుడుచుకొనే అవకాశం ఇస్తుంది. జల్లెడ కొందరిని నిలిపి, కొందరిని జారవిడుస్తుంది. శిక్షణలో భాగంగా, ఫలితాన్ని ఆ వ్యక్తికే తెలిపి, అతని అభివృద్ధికి ఉపయోగిస్తే ఈ కొలతలు మేలు చేస్తాయి. సప్రమాణత సందేహాస్పదమైన గణనను ఉద్యోగానికి ద్వారంగా నిలబెడితే కీడు చేస్తాయి.

రేపు ఉద్యోగార్థులు కానున్న విద్యార్థులు ఇటువంటి పరీక్ష ఎదురైనప్పుడు మూడు విషయాలు ఆలోచించాలి. ఇది నా సామర్థ్యాన్ని కొలుస్తున్నదా, నాపై నా అభిప్రాయాన్ని కొలుస్తున్నదా? ఈ ఉద్యోగానికి ఈ నేర్పు నిజంగా అవసరమా? ఈ ఫలితాన్ని ఎవరు, ఎందుకు ఉపయోగిస్తారు? గణన తక్కువ వచ్చినంతమాత్రాన కుంగిపోనవసరం లేదు. ఎక్కువ వచ్చినంతమాత్రాన గర్వించనవసరమూ లేదు. ఎదుటివారి మాట పూర్తిగా వినడం, కోపం వచ్చినప్పుడు ఒక క్షణం ఆగడం, తన మనసులోని భావానికి సరైన పేరు పెట్టుకోవడం అభ్యాసంతో అలవడేవే. వెనుకబడిన బిడ్డకు చేయూతనివ్వాలని బినే తన నికషను తయారుచేశాడు. ఉద్వేగాలను కొలిచే నికషలకు కూడా అదే లక్ష్యం కావాలి.

కఠిన పదాలకు అర్థాలు

నికష = పరీక్ష, ఒరగల్లు
శోధిక = వ్యక్తి లక్షణాలను తెలుసుకొనే ప్రశ్నావళి
మాపని = కొలిచే సాధనం
గణన = నికషలో వచ్చిన మార్కుల మొత్తం
ప్రజ్ఞాలబ్ధి = ప్రజ్ఞను సూచించే అంకె
విశ్వసనీయత = ఎన్నిసార్లు కొలిచినా ఒకే ఫలితాన్ని ఇచ్చే గుణం
సప్రమాణత = కొలవదలచినదానినే కొలిచే గుణం
సహసంబంధం = రెండు కొలతల మధ్య గల పరస్పర సంబంధం
మూర్తిమత్వం = వ్యక్తిత్వం
సహానుభూతి = ఇతరుల అనుభూతిని తనదిగా గ్రహించగలగడం

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఉద్వేగాత్మక ప్రజ్ఞను కొలిచే మూడు మార్గాలను, వాటి గుణదోషాలను వివరించండి.
2. ఉద్యోగరంగంలో ఉద్వేగాత్మక ప్రజ్ఞ ప్రయోజనాన్ని, దుర్వినియోగాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. నర్సు ఉదాహరణ ద్వారా ఉద్వేగాత్మక ప్రజ్ఞలోని నాలుగు శాఖలను తెలపండి.
2. విశ్వసనీయతకు, సప్రమాణతకు గల భేదాన్ని తక్కెడ ఉదాహరణతో వివరించండి.
3. ఉద్వేగ శ్రమ అంటే ఏమిటి? మీరు చూసిన ఒక వృత్తిని ఉదాహరణగా తీసుకొని రాయండి.

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తొలి ప్రజ్ఞా నికషను రూపొందించినవారెవరు?
2. 'సాంఘిక ప్రజ్ఞ' అనే భావనను ప్రతిపాదించినదెవరు?
3. సాలొవే, మేయర్‌ల పరిశోధనా వ్యాసం ఏ సంవత్సరంలో వెలువడింది?
4. రచయిత ఈ కొలతలను ఏ రెండు వస్తువులతో పోల్చాడు?